కసారా ఘాట్ దాకా వేసుకున్న దారి

చాటింపు డప్పు వీధి మలుపు తిరిగేసరికి అక్క కారు డిక్కీలోంచి సంచులు దింపడం మొదలుపెట్టింది. మర్నాడు తెల్లవారకముందే అక్క, బావ, నేను ఆ కారులో సాలూరు మీదుగా పడమటి కనుమలకు బయలుదేరాలి. డప్పు మనిషి గుమ్మం ముందు ఆగి, అమ్మవారి పండగ ఖాయమైందని, మూడు వారాల్లో పండగ మొదలయ్యే తొలేళ్ళని, అమ్మవారిని సాగనంపే అనుపు అయ్యేదాకా ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటి రాత్రి నిద్ర చేయకూడదని కేకేసి చెప్పాడు. అప్పటికి రెండో సంచి కూడా అరుగు మీద ఉంది. బావ స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాడు.

"దిగవేటి?" అంది అక్క.

"దిగుతాన్లే," అన్నాడు గానీ దిగలేదు.

వాళ్ళది బొబ్బిలికి దగ్గర్లోని పల్లె. బావ ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఇక్కడి మిల్లుల నుంచి గోనెసంచుల లోడు ముంబైకి, తిరుగు దారిలో నాసిక్ నుంచి ఉల్లిపాయలు. నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఆ ముప్పై ఏళ్ళూ పొలం, పశువులు, చుట్టాల చావులూ పెళ్ళిళ్ళూ అక్కే చూసుకుంది. విశాఖపట్నం దాటి ఆమె ఎటూ వెళ్ళలేదు. వెళ్ళాలని అడిగిన గుర్తు కూడా నాకు లేదు.

పోయిన ఏడాది ఆమె తలుపు చెక్కకు భుజం కొట్టుకోవడం మొదలైంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది, పక్కన ఉన్నది కనిపించడం లేదు. విశాఖలో కంటి డాక్టరు నీటికాసుల జబ్బు అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు నిలబెట్టవచ్చని చెప్పాడు. ఇంటికొచ్చిన వారానికి ఒక మధ్యాహ్నం అక్క చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అంది.

"మీ బావ ఆ కొండల్లో ఎక్కడ తిరిగీవోడో ఒక్కసారి సూడాలని ఉన్నాదిరా. గొట్టంలోంచి సూసినట్టయినా పర్లేదు."

అలా మొదలైంది. నేను జీవితమంతా పత్రికాఫీసు డెస్కులో పనిచేసి, రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. కారు నాది, తోలేది బావ, దారి రాసేది నేను. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్, నాగపూర్, నాసిక్. అక్కణ్ణుంచి కసారా ఘాట్ దిగితే ముంబై. వచ్చేటప్పుడు పుణె, సోలాపూర్, హైదరాబాద్. వానలు పడకముందే, వైశాఖంలోనే వెళ్ళి రావాలన్నాడు బావ. ఆ కనుమల్లో ఒకసారి వాన పట్టిందంటే బండి ముందు పొగమంచు తప్ప ఏమీ ఉండదట.

దారి రాయడానికి మూడు ఆదివారాలు వాళ్ళింట్లో కూర్చున్నాను. బావకు కిలోమీటర్లు తెలియవు. ఊళ్ళ పేర్లు కూడా సగమే తెలుసు. "పప్పు పల్చగా పోసీ హోటల్ తర్వాత ఎడంపక్క" అంటాడు. "ఇంజిన్‌కి నీళ్ళు పట్టుకునీ బావి కాడ అరగంట ఆగాల" అంటాడు. కసారా ఘాట్ పైన ఒక హోటల్ ఉందని, వెనక గదులుంటాయని, వాకిట్లో నిలబడితే లోయ మొత్తం కనిపిస్తుందని, అక్కను అక్కడే నిలబెట్టి చూపించాలని చెప్పాడు.

"అక్కడ మంచం ఏసుకుని పడుకునీవోణ్ణి. ఇంటికి ఉత్తరం రాద్దారనుకునీవోణ్ణి," అన్నాడు.

"ఒక్కటీ రాలేదు," అంది అక్క.

"అనుకున్నానన్నాను గానీ రాసేనన్నానేటి?"

అక్క నవ్వింది. నేను ఆ హోటల్ కోసం ఫోన్లు చేశాను. రుజువు కాని మాట అచ్చుకు వెళ్ళకూడదన్నది డెస్కులో నేను నేర్చుకున్న మొదటి పాఠం. అది నా చేతుల్లోంచి ఇంకా పోలేదు. నాసిక్‌లో ఒకాయన, ఇప్పుడు పెద్ద రోడ్డు వేరే వైపు నుంచి పోతోందని, పాత హోటళ్ళు చాలా మూతపడ్డాయని చెప్పాడు. మరి లోయ కనిపించే చోటు ఇంకొకటి కావాలి. జగదల్‌పూర్‌లో లాడ్జీ వాళ్ళు ఫోనెత్తలేదు. ఆదివారం బయలుదేరాల్సిన వాళ్ళం. నేనే బుధవారానికి మార్చాను.

"ఒరే బామ్మర్దీ, ఇది పేపరాఫీసు కాదురా. రోడ్డెక్కితే రోడ్డే సెప్తాది," అన్నాడు బావ.

నేను వినలేదు.

వాళ్ళ ఊళ్ళో అమ్మవారి పండగ జరిగి చాలా ఏళ్ళయింది. తలకెత్తుకునే అమ్మవారి ఘటం ముందుగా ఏ వీధి నుంచి లేవాలన్న దగ్గర రెండు వీధులకు పడలేదు. ఈ ఏడూ జరగదనే అందరం అనుకున్నాం. చాటింపుకు ముందు రోజు, సోమవారం, పెద్దలు కూర్చున్నారు. ఊళ్ళోనే ఉన్నాడు గనక బావను కూడా పిలిచారు. తగువు గంటలో తేలిపోయింది. పండగకు సరేనన్న వాళ్ళలో బావ ఒకడు. చాటింపు ఎప్పుడని ఆయన అడగలేదు. వచ్చే మంగళవారం వేస్తారనుకున్నాడు, అప్పటికి మేం నాగపూర్ దాటి ఉంటాం; చాటింపు నాటికి ఊళ్ళో లేనివాళ్ళకు ఆ కట్టు లేదు. పెద్దలు మాత్రం మర్నాడే మంచి మంగళవారమని వేసేశారు.

ఆ సాయంత్రం డప్పు ముందుకు కదలగానే నేను వాదించాను. ఇప్పుడే బండెక్కి విజయనగరం వచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు అన్నాను. స్టీరింగ్ ముందు నుంచే బావ అక్క వైపు చూశాడు. ఆమె సరే అంటే వెళ్ళేవాడే.

"రేపు ఈదిలో ఏ పిల్లకి అమ్మోరు పోసినా, ఈలు ఎల్లిపోబట్టే అంటారు," అంది అక్క. "ఆ పిల్ల తల్లి మొకం నేను సూడాల కదా."

"నువ్వు నమ్ముతన్నావేటే?" అన్నాడు బావ.

"నేను నమ్మడం కాదు."

అప్పుడు బావ బండి దిగాడు. తాళం నా చేతిలో పెట్టి, "నేనే సరే అన్నానురా పెద్దలతో," అన్నాడు. ఆదివారమే వెళ్ళి ఉంటే అన్న మాట ఆయన అనలేదు. నేనూ అనలేదు. చీకటి పడకముందే ఒక్కణ్ణీ విజయనగరం వచ్చేశాను.

పండగ బాగా జరిగింది. తొలేళ్ళ నాడు నేనూ వెళ్ళాను. ఘటం ఎత్తుకున్న అక్కకు అటొకరు ఇటొకరు పక్కనే నడిచారు, గతుకులు చెబుతూ. అనుపు అయిన వారానికి పడమట వానలు మొదలయ్యాయని టీవీలో చెప్పారు. బావ ఫోన్ చేసి, "ఇప్పుడెల్తే ఆవిడికి సూపించడానికి ఏటుంటాది," అన్నాడు.

ఘాట్లు దసరా తర్వాత తేటపడతాయంటున్నాడు. మొన్నటి పరీక్షలో అక్క ఎడమ కన్ను ఇంకొంత మూసుకొచ్చిందని తేలింది. దసరాకు ఎంత మిగులుతుందో డాక్టరు చెప్పలేదు. మా ముగ్గురిలో ఎవరమూ అడగలేదు.