బంగాళాఖాతం అంటే హడలు

మా భానుప్రియ పిన్నికి సముద్రమంటే హడలు. ఉండేది మాత్రం బిలాస్‌పూర్‌లో. అక్కడ అల చూడాలంటే బకెట్లో నీళ్లు కదపాల్సిందే.

ఆవిడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఊరి శివారు ఉస్లాపూర్‌లోని ఇంట్లో కూర్చుని బంగాళాఖాతాన్ని కంప్యూటర్‌లో చిన్న చిన్న గళ్లుగా కోసి, ఏ గడిలో నీరెంత వేడెక్కింది, గాలి దాన్ని ఎటు తోస్తుంది అని సమీకరణాలు నడుపుతుంది. జవాబు రాగానే జడుసుకుంటుంది.

"మళ్లీ ఏటయ్యిందే?" అనేవాడు రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్ నుంచి వచ్చిన వేణుగోపాల్ బాబాయి.

"సముద్రం అర డిగ్రీ ఎక్కువ వేడెక్కిందండీ!"

"అచ్ఛా! టీకి సరిపోతాదా?"

కిందటి అక్టోబరులో వాయుగుండం పుట్టినప్పుడు మాత్రం బాబాయి నవ్వలేదు. నేనప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. గాలి వేగం కాస్త మార్చి, తుఫాను దారి కాస్త మార్చి, పిన్ని మళ్లీ మళ్లీ లెక్క కట్టింది. ఎలా కట్టినా ఉప్పెన కళింగపట్నం పక్కనే వచ్చి పడుతోంది. బాబాయి అక్క, మా అప్పలనర్సమ్మత్త అక్కడే ఒడ్డున ఒంటరిగా ఉంటుంది.

పిన్ని ఫోను చేసింది. "వొదినా, వెంటనే ఇల్లు ఖాళీ చేసెయ్."

"నాను కదల్ను. ఇలాంటి తుఫాన్లు ఎన్ని సూడలేదు! నా మేకల్నెవుడు సూస్తాడు?" అని అత్త ఫోను పెట్టేసింది.

పిన్ని కాసేపాగి మళ్లీ ఫోను చేసి, ఈసారి భోరుమంది. "వొదినా, మీ తమ్ముడు డ్యూటీకెళ్లిపోయేడు. ఒక్కదాన్నీ ఉండలేకపోతన్నాను. భయంతో గుండాగిపోయేలాగుంది. నువ్వొచ్చి నాకు తోడుండవా?"

పక్కనే అన్నం తింటున్న బాబాయి ఏదో అనబోతే, ఆయన నోరు చేత్తో మూసేసింది.

"అంత సదువుకున్నావు, సిగ్గు లేదేటే?" అని అత్త బాగా తిట్టింది. తిట్టాక మేకల్ని ఎగువ ఊళ్లో తెలిసినాయన అమ్మన్నకి అప్పగించి, విజయనగరం వెళ్లి రైలెక్కింది. ఆ వెనకాలే తుఫానుకి తర్వాతి రైళ్లన్నీ ఆపేశారు. అత్త రైలు ఎక్కడుందో తెలియదు, ఫోనూ పలకలేదు. బిలాస్‌పూర్ స్టేషన్‌లో పిన్ని ఒక్క చోట నిలవలేక ప్లాట్‌ఫారం పొడుగునా తిరుగుతూనే ఉంది. బాబాయి నీళ్ల సీసా ఇస్తే పట్టుకుంది గాని తాగలేదు.

చివరికి రైలొచ్చింది. అత్త తిడుతూనే దిగింది. పిన్ని ఆవిణ్ని పట్టుకుని ఏడ్చింది. ఈసారి నటన కాదు.

మర్నాడు అమ్మన్న ఫోను చేశాడు. అత్త ఇంట్లో సముద్రం నడుం లోతున నిలిచిందట. మేకలు క్షేమం.

వారం తిరిగేసరికి మాత్రం, చూడ్డానికొచ్చిన చుట్టాలందరికీ ఒకటే చెప్పేది: "మా మరదలు ఒట్టి పిరికిది. నానొచ్చేను కాబట్టి బతికింది!"

పిన్ని ఆవిడకి టీ అందిస్తూ, "అవును, వొదిన రాకపోతే ఏమైపోదునో!" అనేది.