తుంగ కోతకి కంకిపాడు బస్సు

పొద్దున్నే పిన్ని ఫోను. "పొక్లెయినొస్తందంట. మధ్యాహ్నానికి మన డ్రెయిన్లో దిగుద్దంట. తుంగ ఇంకా కొయ్యలా!" పిన్ని చాపలు నేస్తుంది. చుట్టుపక్కల కాలవలన్నీ మిషనుతో తవ్వి బాగుచేసేశారు. ఏడాది నేతకు మిగిలింది ఆ డ్రెయిన్లో తుంగే. ఆఫీసుకి సెలవు చెప్పేసి గుణదల నుంచి ఆటోలో బస్టాండుకి పరుగెత్తాను.

అవనిగడ్డ బస్సు ఏడున్నరకి కదలాలి. డ్రైవరు టీ తాగుతూనే ఉన్నాడు. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం. సీటు మాత్రం నక్కతోక తొక్కినవాళ్ళకే. ఆ రోజు నేను తొక్కాను. కానీ బెంజి సర్కిల్ దాటేసరికే ఎనిమిదైంది, కూర్చున్నా కాలు ఒకచోట నిలవడం లేదు.

పక్కన బసవయ్యగారని ఒక రైతు వేరుశెనక్కాయల పొట్లం నా ముందుకి జరిపారు. "అంత కంగారేంటమ్మా?" అన్నారు. సంగతి చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నేనూ ఆ డ్రెయిను కాడికేనమ్మా. ఆ తుంగ అడ్డంపడే నీళ్ళు లాగట్లా. నాట్లేసిన చేను మునిగిపోయింది. మిషను కోసం కాళ్ళరిగేలా తిరిగా."

బస్సు ఆయనకీ నెమ్మదిగానే పోతోంది, నాకూ నెమ్మదిగానే పోతోంది. కంకిపాడులో దిగితే పిన్ని వాళ్ళ ఊరికి ఉన్నది ఒక్కటే షేర్ ఆటో. అందులోనూ పక్కపక్కనే కూర్చున్నాం.

పిన్ని మొలలోతు నీళ్ళలో కొడవలితో ఉంది. గట్టు మీద పొక్లెయిను అప్పుడే స్టార్టయింది. నేను ఆపరేటర్ని బతిమాలబోయేలోగా బసవయ్యగారు కేకేశారు.

"బాబూ, ముందు ఆ మలుపు కాడ చెయ్యి. ఇక్కడికి సాయంత్రం రా." నా వైపు చూడకుండానే అన్నారు, "చూస్తారేంటమ్మా, దిగండి. ఇన్నాళ్ళు మునిగిన చేను, ఇంకో పూట మునుగుద్ది."

సిగ్గేసింది. దిగాను. తుంగకాడ మూడంచులూ అరచేతుల్ని గీరేశాయి. అన్నం ఊసే లేదు. చివర కాస్త తుంగ మిగిలుండగానే మిషను వచ్చి వేళ్ళతో సహా పెకలించేసింది. నీళ్ళు ఒక్కసారిగా కదిలాయి. బసవయ్యగారు చేలో నుంచి, నీళ్ళు లాగుతున్నాయని చెయ్యెత్తి చూపించారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాను. ఆ తుంగ చూద్దామని ఎవరూ బయల్దేరకండి, ఇప్పుడక్కడ నీళ్ళే ఉన్నాయి. పెనమలూరు దగ్గర మనసాగక పిన్నికి ఫోన్ చేశాను.

"వచ్చే ఏడు ఏం నేస్తావు పిన్నీ?"

"ముందు ఈ ఏటివి నెయ్యనియ్యవే," అంది.