ఇద్దరు ఆడవాళ్ళకు చోటులేని ఆఫీసులో నాకు దొరికిన విడుదల

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నన్ను లేపిన సంగతి చెప్పాలంటే ముందు నేను ఎలా పడిపోయానో చెప్పాలి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో ఏలూరు వెళ్ళి ఒక చేపల మేత కంపెనీలో పనిచేసేదాన్ని. కొల్లేరు ఊళ్ళలో చెరువు గట్ల మీద తిరుగుతూ, మేత ఎప్పుడు ఎంత వెయ్యాలో రైతులకు చెప్పడం నా పని. మా మేనేజరు లలిత గారు ఆ కంపెనీలో అంత పైకి వచ్చిన మొదటి ఆడమనిషి. ఆవిడ ఉన్నారు కదా, నాకూ దారి దొరుకుతుందని ఎంత ఆశపడ్డానో దేవునికి తెలుసు.

కానీ ఏరియా మేనేజరు ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా నా తరువాత చేరిన మగవాళ్ళకే దక్కింది. ఒకరోజు హెడ్డాఫీసు పెద్దలు వస్తే, "పిల్లలున్న ఆడవాళ్ళు అంత బాధ్యత మొయ్యలేరండీ" అని నా ఎదుటే లలిత గారు అన్నారు. ఆ మాట ఒక మగవాడు అని ఉంటే తట్టుకునేదాన్నేమో, ఆవిడ నోట విన్నాక నాకు నిద్ర కరువై, మాత్రలు మొదలుపెట్టి, ఒకటి చాలక ఇంకొకటి వేసుకుంటూ, కన్నబిడ్డ జ్వరంతో మూలుగుతున్నా లేవలేని స్థితికి వచ్చి, ప్రార్థన కూడా మానేశాను. చివరికి ఆఫీసు మెట్ల మీద పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు.

ఆ మంచం మీద, "ప్రభువా, నాకు ఏ పదవీ వద్దు, ఈ మాత్రల నుంచి విడిపించు, నా బిడ్డకు తల్లిని మిగుల్చు" అని ఏడ్చాను. డాక్టరు గారు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గిస్తుంటే ఒళ్ళు వణికి, చెమటలు పట్టి నరకం చూశాను గాని ప్రభువు నా చెయ్యి వదల్లేదు. దేవునికే మహిమ.

అప్పుడు లలిత గారు నన్ను చూడటానికి వచ్చారు. ఆవిడ మన విశ్వాసంలో ఉన్నవారు కాదు. "ఈ కంపెనీలో ఒక్క ఆడదానికే చోటుంటుందనుకున్నానమ్మా కరుణా. నువ్వు పైకొస్తే నన్ను తీసేస్తారని భయపడి నిన్ను తొక్కేశాను" అన్నారు. నేను తిరిగి పనిలో చేరాక ఆవిడే పెద్దలతో పోట్లాడి నన్ను ఏరియా మేనేజర్ని చేశారు.

ఆవిడ భయమే నిజమైంది. ఏడాది తిరక్కుండానే, ఇద్దరు ఆడవాళ్ళెందుకని ఆవిడను పంపించేశారు. వెళ్ళేముందు, "ఏడవకమ్మా. ఇంకో ఆడపిల్లని పైకి తీసుకురా, చాలు" అని ఆటో ఎక్కారు.

ఇప్పుడు ముదినేపల్లి అమ్మాయి ఒకతె నా కింద పనిచేస్తోంది. ఆమెకు పై ఉద్యోగం ఇవ్వమని అడిగినందుకు సోమవారం నన్ను హెడ్డాఫీసుకు రమ్మన్నారు. ఏం చేస్తారో తెలియదు, భయంగానే ఉంది, అయినా నిద్రమాత్ర జోలికి పోలేదు. సహోదరీ, నువ్వు అలాంటి చీకట్లో ఉంటే ఆయన్ని నమ్ము, నేను నమ్మి బతికాను. నాకోసం ప్రార్థించండి, ఆ అమ్మాయి కోసం కూడా.