కుంకుమ పట్టిన కీబోర్డు

పాత కంప్యూటర్లు పోగుచేసి బాగుచేసే పిచ్చి నాకుందని తెలిసి, ఏన్కూరు నుంచి సరోజనమ్మ టీచర్ ఈ రోజు వైరాలో మా ఇంటికి వచ్చారు. ఆమె తెచ్చింది కీబోర్డులోనే కంప్యూటరంతా ఉండి, టీవీకి తగిలిస్తే పనిచేసే రకం. ఎన్నేళ్లుగానో మీటలు కదలడం లేదట. ఎలుకలు తీగలు కొరికాయేమో అనుకుంటూ మూత విప్పాను. తీగలు శుభ్రంగా ఉన్నాయి. మీటల కింద మాత్రం కుంకుమ గడ్డకట్టి ఉంది. ప్రతి దసరాకూ పూజలో పెట్టిన బొట్లన్నీ రాలి అక్కడికే చేరాయి!

కుంచెతో దులపబోతే టీచర్ చెయ్యి అడ్డం పెట్టారు.

"బొట్టు గట్ల తుడుస్తవా బిడ్డా?"

"తుడవకుంటే మీటలు కదలవు టీచర్."

ఆమె చెయ్యి తీసేశారు. "అయితే నేను అటు తిరుగుత. జల్దీ కానియ్."

సాయంత్రానికి మీటలు ఆడాయి. టీవీ మీద తన పేరు టైపు చేసి చూసుకుని టీచర్ మురిసిపోయారు. వెంటనే సంచిలోంచి కుంకుమ భరిణె తీశారు. బొట్టు కీబోర్డు మూత మీద మాత్రమే పెట్టమని బతిమాలాను. సరేనని అక్కడే పెట్టారు. కానీ బయలుదేరే ముందు, అన్నిటికంటే పొడుగు మీట దగ్గర కుంకుమ అంటిన ఆమె వేలు ఆగింది.

ఈసారి నేను అటు తిరిగాను. మీరైతే వద్దనగలిగేవారా?