పాప వాసన చూసి ఏరిన చెక్కలు

మాది ఉదయగిరి, చెక్క గరిటెలు చేసే ఇల్లు. రెండో తరగతి చదివే మా పాపకు అక్షరాలు రావడం లేదని, టీచర్లు బడి మాన్పించేలా మాట్లాడారు. తెలివి పరీక్ష చేయించడానికి ఆత్మకూరు తీసుకెళ్లాను.

సైకాలజిస్టు మేడం గుండ్రటివి, నలుపలకలవి చెక్కముక్కలు ఇచ్చి, "ఒకే రకానివి ఒకచోట పెట్టమ్మా," అంది. పాప ఒక్కోటీ వాసన చూసి, ఆకారాలన్నీ కలిపేసి రెండు కుప్పలు పెట్టింది. మేడం పెన్ను తీసి తప్పని రాసుకుంది. అప్పుడు కుప్పలు సరిగ్గా చూశాను.

"తప్పు పెట్టలా మేడం. ఇది వేప, అది టేకు. మా ఇంట్లో చెక్క అట్టనే ఏరతాం."

మేడం కూడా వాసన చూసింది. రాసింది కొట్టేసింది.

"తెలివికేం తక్కువ లేదు. చదువు చెప్పే తీరు మార్చాలి. ఆ బడిలోనే ఉంచమని రాస్తాను."

నేను నోరు మూసుకొని ఉంటే ఏమయ్యేదో. తిరుగు బస్సులో ఇద్దరం ఎంత నిద్రపోయామంటే, ఉదయగిరిలో కండక్టరు లేపాల్సి వచ్చింది.