సీ అంటే సరేనంట

పెరూ దేశం కొండల్లోకి సువార్త పనికి పోయే గుంపులో నా పేరు చేర్చుకుంటూనే మా పాస్టరయ్య ఒక మాట అని నా ఒళ్ళు మండించాడు. తిరుపతిలోని మా సంఘమూ, ఆ కొండల్లోని ఒక చిన్న సంఘమూ మాట్లాడుకుని, మాలో ఐదుగురిని రెండు నెలలు అక్కడికి పంపాలనుకున్నాయి. జీతం లేదు, ఇష్టపడి చేసే సేవ.

"పెద్దాయనా, మీ కత్తెర, దువ్వెన గూడా పెట్టుకోండి. ఆడ నలుగురికి క్షవరం సేస్తే అదీ సేవే గదా" అన్నాడు.

"నేను వాక్యం సెప్పేదానికి వస్తాండా అయ్యా, తలకాయలు గొరిగేదానికి గాదు. కత్తెర తెమ్మంటే నేను రానే రాను" అన్నాను.

చిత్తూరు కోర్టు ఎదురుగా నలభై ఏళ్ళు సెలూను నడిపి, తర్వాత తిరుపతి చేరినవాణ్ణి నేను. బడికి పోయింది రెండో తరగతి వరకే. ప్లీడర్లు చదివి కుర్చీలో వదిలేసిన పేపర్లు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ చదువుతోనే బైబిలు ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు చదివాను. అయినా మందిరంలో నన్నెవరికైనా చూపించాలంటే "అదో, ఆ మంగలాయన" అనే అంటారు. దేవుడి ముందు అందరూ ఒకటేనని గొంతెత్తి పాడతారు, బయటికొచ్చి చెప్పులేసుకునే లోపల మరిచిపోతారు.

నాకు మాత్రం మరుపు రాదు. మా నాయన చంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ళలో కత్తుల పొది చంకన పెట్టుకుని తిరిగేవాడు. పుట్టెంట్రుకలు తీసే రోజు మేనమామ బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు పాయలు కత్తిరించేవాడు. ఆయనకు కొత్త పంచె, పంక్తిలో మొదటి ఆకు. మిగతా తలంతా చేసిన మా నాయనకు గడప బయట నేల మీద పరిచిన తువ్వాల్లో బియ్యం. చెయ్యి తగలకూడదని ఎత్తు నుంచి పోసేవాళ్ళు. చెదిరిన గింజలు నేను ఏరేవాణ్ణి.

అందుకే కత్తెర ఇంట్లోనే వదిలి విమానం ఎక్కాను.

ఆ ఊరు చూడాలి. మబ్బులు మన కాళ్ళ కిందుంటాయి. మా శేషాచలం కొండలు దాని మోకాలికి కూడా రావు. పది అడుగులు వేస్తే ఊపిరి అందదు. ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, అక్కడ 'పాపా' అంటారు, కాబట్టి రెండు పూటలా ఉడకబెట్టిన పాపాలే తిన్నాం. ఊరి బడిలో పనిచేసే టీచరమ్మ మమ్మల్ని ఇంటింటికీ తీసుకుపోయేది. ఆమెకు కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆమె ఇంగ్లీషును పాస్టరయ్య మాకు తెలుగు చేసేవాడు.

మొదటి రోజు మూడు గడపల ముందు ఆమె ఏదో అడిగింది. మూడు చోట్లా లోపలివాళ్ళు మా మొహాలు చూసి "సీ, సీ" అన్నారు. మా చిత్తూరు నోళ్ళలో ఛీ అనే మాట సీ అనే పలుకుతుంది. నా మొహం కందగడ్డయింది.

"పదండి పోదాం. గడప కాడికి వచ్చినోళ్ళని సీ సీ అనే ఊళ్ళో మనకేం పని" అన్నాను.

పాస్టరయ్య నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. "సీ అంటే వీళ్ళ బాసలో సరే అని, పెద్దాయనా. లోపలికి రమ్మంటాండారు."

తెలిసింది, బాగానే ఉంది. కానీ డెబ్భై ఏళ్ళ నోరు ఒక్క రోజులో మాట వింటుందా?

రెండో వారంలో ఊరి చివర ఒక తల్లి ఇంటికి వెళ్ళాం. మొగుడు గనిలో పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమెకు నాలుగేళ్ళ కూతురు. ఆ పిల్ల జుట్టు ఉండలు కట్టి నడుము దాకా వేలాడుతోంది. నా చూపు అక్కడే ఆగింది. ఏం చేస్తాం, చేసిన పని అలాంటిది. తల్లి మాకు ఏదో ఆకు కషాయం పోసింది. తర్వాత నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డను ముందుకు నెట్టి, మెల్లగా ఏదో అడిగింది. సరిగ్గా అప్పుడే వాళ్ళ గొర్రె ఒకటి వెనక నుంచి వచ్చి నా మంకీ క్యాపు నమలసాగింది.

"సీ, సీ, సీ" అని దాన్ని అదిలించాను.

ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఏడ్చింది, నవ్వింది. నా వాక్యం ఇంత పని చేసిందా అని పొంగిపోయాను. తీరా చూస్తే నేనింకా బైబిలు తెరవనే లేదు.

తిరిగి వచ్చే దారిలో టీచరమ్మ చెప్పింది విని పాస్టరయ్య తల పట్టుకున్నాడు. "ఆ బిడ్డకు మొదటిసారి జుట్టు కత్తిరించేదానికి మీరు ఒప్పుకున్నారంట. వచ్చే ఆదివారమంట."

నేను నడిదారిలో నిలబడిపోయాను. కోపంలో మర్యాద కూడా మరిచాను. "నువ్వే సెప్పినావు. నేను మంగలోడినని ఈ కొండెక్కి గూడా సెప్పినావు."

"నేనొక్క ముక్క సెప్పలే. ఈడ ఎవరికీ తెలీదు. ఈమెనే అడగండి."

టీచరమ్మ నిదానంగా చెప్పుకొచ్చింది. అక్కడ బిడ్డ తల మీద మొదట కత్తెర పెట్టేవాడు ఊళ్ళో పెద్దమనిషై ఉండాలి. ఆ రోజు నుంచి అతడు బిడ్డకు పెద్దదిక్కు, తల్లికి తోబుట్టువు లెక్క. మొగుడు వదిలేసిన ఇంటితో చుట్టరికం ఎందుకని, ఒప్పుకున్నవాళ్ళు ఇద్దరు ఇప్పటికే వెనక్కి తగ్గారు. పిల్లకు బడిలో చేరే వయసొచ్చింది, ఆ జుట్టుతో పోతే తోటి పిల్లలు గొర్రె అని పిలుస్తారు. ఇంకెవరూ దొరక్క, వచ్చినవాళ్ళలో పెద్దమనిషిలా కనబడ్డానని ఆ తల్లి నన్ను అడిగింది.

"పొరపాటు జరిగిందని నేను సెప్తాలెండి" అన్నాడు పాస్టరయ్య. "పుట్టెంట్రుకలు వద్దని మనూళ్ళో బోధించి, ఈడికొచ్చి మనమే సేస్తే ఎట్ల?"

"మూడోవాడు గూడా తప్పుకున్నాడని ఆ యమ్మకు నువ్వు సెప్తావా? సెప్పేటప్పుడు మొహం యాడ పెట్టుకుంటావు? మొక్కు లేదు, ముడుపు లేదు. ఒక బిడ్డకు దిక్కుగా నిలబడమంటాండారు. దీంట్లో తప్పు యాడుండాదో వాక్యం తీసి సూపించు."

ఆయన సగం కొండ దిగేదాకా బైబిలు తిరగేస్తూనే నడిచాడు. తర్వాత, "ప్రార్థనతో మొదలుపెడదాం. విందులో సారాయి లేకుండా సూడమని సెప్తా" అన్నాడు.

ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య అంతా విని పడీపడీ నవ్వింది. "కొంపలో దాసిపెట్టి పోతే మాత్రం, ఆ కత్తెర నిన్ను ఇడుస్తాదా? సెవుల కాడ జాగర్త" అంది.

ఆదివారం ఊరంతా ఆ ఇంటి వాకిట్లో చేరింది. రంగురంగుల దుప్పటి పరిచిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మొదటి పళ్ళెం నాకే పెట్టారు. ఆ తల్లి దాన్ని వంగి నా చేతికే ఇచ్చింది, ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. ఒక్క ముక్క కూడా చెదరనీకుండా తిన్నాను.

ప్రార్థన అయ్యాక రిబ్బను కట్టిన కత్తెర తెచ్చారు. నేను మొదటి పాయ కత్తిరించాను. తర్వాత వచ్చినవాళ్ళందరూ తలా ఒక పాయ తీయాలట, అదీ ఆచారం. ఆ కత్తెర గొర్రెబొచ్చు కోసేది. ఒకాయన చెవి పైన బోడి చేశాడు. ఒకామె మెడ మీద మేకతోక వదిలింది. పెద్దమనిషినని పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. ఇంకొకాయన వచ్చి నుదుటి మీద మెట్లు మెట్లుగా కోశాడు.

"సీ" అన్నాను.

అంతే, అందరూ నావైపు తిరిగారు. ఆయన ఎంతో సంతోషంగా కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిగతాదంతా నేనే తీస్తానన్నానని వాళ్ళనుకున్నారు.

ఇక ఆగలేదు. నీళ్ళు తెమ్మన్నాను, దువ్వెన తెమ్మన్నాను. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మేనమామనూ నేనే, మంగలినీ నేనే. ఉండలు విప్పి, తడిపి, ఆ మొండి కత్తెరతోనే మెడ దాకా చక్కగా సమం చేశాను. నుదుటి మీది మెట్లు అణిగిపోయి ముచ్చటైన ముంగురులయ్యాయి. పిల్ల తన మెడ తడుముకుని, చలిగాలి తగిలి కిలకిలా నవ్వింది. తల్లి దాని మొహాన్ని అటూ ఇటూ తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారని టీచరమ్మ అడిగింది. పాస్టరయ్య తెలుగులో చెప్పి, గొంతు తగ్గించి, "ఏం సెప్పమంటారు? ఊరికే తెలుసని సెప్పేదా?" అన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

"ఉన్నదే సెప్పండి. మంగలినని సెప్పండి. మా నాయన గూడా మంగలేనని సెప్పండి."

ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె వాళ్ళ భాషలో గట్టిగా చెప్పింది. వాకిలి వాకిలంతా, అదీ సంగతి అన్నట్టు తలలూపుతూ "సీ, సీ, సీ" అంది.

నేను మంగలినని చెప్పాక ఆ మాట వినడం నాకు కొత్త కాదు. నవ్వుకుంటూ వినడం మాత్రం అదే మొదలు.

అప్పటికే కుర్చీ పక్కన ముగ్గురు టోపీలు తీసి వరసలో నిలబడి ఉన్నారు. పాస్టరయ్య నా చెవిలో, "మన కత్తెర తెచ్చుకోమంటే ఇన్న్యారా మీరు?" అన్నాడు.

"సాలు గానీ, నీళ్ళు అందుకోండి అయ్యా" అన్నాను.