ఎద్దు మెడకంటే ముందు

నా చిన్నప్పుడు బస్తరులో ఇంకా రాజుగారి పాలనే. మద్దేడు దగ్గర మా ఊరి నుంచి అడవికి, అడవి నుంచి ఏటి గట్టుకు మా బండి తిరుగుతూనే ఉండేది. అడవిని గుత్తకు తీసుకున్న ఠేకేదారు కొట్టించిన టేకు దుంగలను మా తాతయ్య, చిన్నాన్న ఏటి దాకా చేర్చేవాళ్లు. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి మనుషులకూ ఎడ్లకూ ఒకటే అలసట. మాట్లాడే ఓపిక ఎవరికీ మిగిలేది కాదు. ఆ ఇల్లు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే.

ఆ ఏడు మా ఎర్రెద్దు జబ్బుపడి లేచింది. పైకి బాగానే కనిపించేది గానీ, బరువు పడితే మోకాళ్లు వణికేవి. అది కూలిపోతే ఇంకొకదాన్ని తెచ్చే స్థోమత మాకు లేదు. బండి ఆగితే పొయ్యి ఆగినట్టే. సరిగ్గా అప్పుడే, వాగు దాటబోతుండగా, బండి చక్రం పగిలిపోయింది. దుంగలు అక్కడే దించేసి, బండిని ఎలాగో ఇంటికి ఈడ్చుకొచ్చారు. మర్నాడు కొత్త చక్రాల జత కోసం, బళ్లు చేసే వడ్లాయన ఇంటికి వెళ్తూ తాతయ్య చిన్నాన్నతో పాటు నన్నూ వెంట తీసుకెళ్లాడు.

అక్కడ రెండు జతలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒకటి ఎత్తుగా, సన్నని ఇనుప పట్టాతో, పెళ్లిబండికి చేసినట్టు సొగసుగా ఉంది. రెండోది పొట్టిది, వెడల్పు పట్టాది, చూడ్డానికి మోటు. చిన్నాన్న ఎత్తు చక్రాన్ని గట్టి నేల మీద కాస్త నెడితే చాలు, గబగబా దొర్లింది. "గిదే తీసుకుందాం అయ్యా, ఎద్దుకు అల్కగ ఉంటది" అన్నాడు. పాపం, ఆయన దిగులు కూడా ఎద్దు గురించే.

తాతయ్య వాదించలేదు. వాదించే శక్తి ఆయనలో ఎప్పుడో అయిపోయింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది: కొత్త చక్రాలు బిగిస్తే కాడి ముందు మనుషుల మెడకెక్కాలి, తర్వాతే ఎడ్లకు. మామూలుగా అది వాకిట్లో పసుపు రాసి, బండిని కొద్ది దూరం లాగే తంతుగా ముగిసేది. ఆరోజు మాత్రం తాతయ్య రెండు జతలూ అడిగి తెచ్చి, ముందు ఎత్తువి బిగించి, రెండో జతను బండిలో వేసి వాగు దాకా తోయించాడు. అక్కడ పడున్న దుంగల్లో సగం ఎక్కించి, కాడికి ఒక పక్క తాను, ఇంకో పక్క చిన్నాన్న మెడ పెట్టారు. నేను వెనక నుంచి తోశాను.

గట్టు మీద నడిచిన బండి ఇసుకలోకి దిగగానే నిలిచిపోయింది. సన్నని పట్టా ఇసుకను కోసుకుంటూ లోపలికి దిగింది. చిన్నాన్న మెడ నరాలు ఉబ్బాయి. తాతయ్య రొప్పుతూ కూలబడ్డాడు. చక్రాలు మార్చి మళ్లీ లాగితే, వెడల్పువి ఇసుక మీద తేలుతూ మెల్లగా కదిలాయి. చిన్నాన్న ముఖం వెలిగింది.

"ముందే చెప్పొచ్చు గదా అయ్యా" అన్నాడు, మెడ రుద్దుకుంటూ.

"నేను చెప్తే నువ్వు వింటవు గానీ, నీ మెడకు తెలవదు కొడకా. ఇప్పుడు గుంజింది సగం బరువే. ఎడ్లకు రోజూ పెట్టేది దీనికి రెండింతలు" అన్నాడు తాతయ్య.

 మర్నాటి నుంచి చిన్నాన్న తానే మొదలుపెట్టాడు, బండికి ఎక్కించే ప్రతిసారీ ఒక దుంగ తగ్గించడం. తిరగాల్సిన తిరుగుళ్లు పెరిగాయి, ఇంట్లో అలసటా పెరిగింది. ఎర్రెద్దు మాత్రం కూలిపోలేదు.

మేం బండి లాగిన ఆ రోజు సాయంత్రం తాతయ్య ఇప్పనూనె వేడిచేసి, కందిపోయిన చిన్నాన్న మెడకు రాశాడు. అదే చేత్తో వెళ్లి ఎద్దు మెడకూ రాశాడు. తన మెడ సంగతి ఎవరితోనూ అనలేదు. నాకెందుకో ఏడుపొచ్చింది. గిన్నెలో మిగిలిన నూనె తీసుకెళ్లి ఆయన మెడకు నేను రాశాను.

మొన్న మా మనవడు పికప్ బండికి టైర్లు మార్చాలని, ఏవి వేయాలో అడగడానికి నా దగ్గరికొచ్చాడు. వెనక ట్రాలీ కట్టి ఇసుక దారిలో బరువులు లాగుతాడు. "వెడల్పువి ఏసుకో బిడ్డా, కానీ మెడ మీది బరువు తగ్గదు" అన్నాను. "ఇంజనుకు మెడ ఉంటదా అమ్మమ్మా?" అని నవ్వాడు. వాడి కళ్ల కింద నిద్రలేని నలుపు. నేను నవ్వలేకపోయాను. దగ్గరికి పిలిచి, నూనె సీసా తీసి, వాడి మెడ మీద చెయ్యి వేశాను.